ఆగమాగానికి అర్థం

"అది మాట కాదమ్మా, మీ అమ్మ పరిస్థితి," అన్నాడు శ్రీరామ్, కాఫీ కప్పు కడిగి బోర్లిస్తూ. "క్లాసులో అందరికీ తెలిసిన మాట చెప్పు. గందరగోళం అని రాసుకో."

"నాకు గందరగోళం వద్దు నాన్నా. ఐ వాంట్ ఆగమాగం."

"కాస్త పుస్తకంలో కనిపించే మాట తీసుకోవే అంటే వినవేం?"

"టీచర్ పుస్తకంలో మాట అనలేదు. ఇంట్లో వినే మాట అన్నారు. మన ఇంట్లో ఎవ్రీ డే వినేది ఇదే."

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇదే గొడవ. ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో మాట తీసుకుని, దాని అర్థం ఏమిటో, దాన్ని ఎక్కడ ఎలా వాడతారో లేచి నిలబడి చెప్పాలి. పదో తరగతి చదివే సాన్వి క్షణం ఆలోచించకుండా తల్లి మాటను ఎంచుకుంది. తల్లి దమయంతిది జనగామ. తండ్రిది తణుకు. ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో తెలుగు అంటే ఎవరి తెలుగు అనే తగువు కొత్తది కాదు.

"కంగారు అని పెట్టవే, ముచ్చటగా ఉంటుంది," అంది శ్రీరామ్ తల్లి పద్మిని, సోఫాలో కూర్చుని పూలదండ గుచ్చుతూ.

"కంగారు అంటే క్లాస్ మొత్తం లేచి గెంతుతారు నానమ్మా."

"పోనీ, హడావుడి?"

"అది నువ్వు గుడికి వెళ్ళేటప్పుడు చేసేది."

పద్మిని కోడలి వైపు తిరిగింది. "చూశావుటే దమయంతీ, దీని నోరు! నువ్వైనా చెప్పు, ఆ మాటకి అర్థం ఏవిటో."

దమయంతి వంటింట్లో మూత చేత్తో పట్టుకునే మూత కోసం వెతుకుతోంది. పులిహోర పోపులో మిరపకాయలు నల్లబడుతున్నాయి. "కంగారు మనిషి లోపట ఉంటది అత్తమ్మా. హడావుడి కాళ్ళల్ల ఉంటది. గందరగోళం అంటే ఎవ్వలకేం సమజ్ కాకపోవుడు. ఆగమాగం అంటే అన్నీ ఒక్కసారే. మనిషి, ఇల్లు, పొయ్యి మీది గిన్నె, అన్నీ. అయ్యో, ఈ మూత ఏడవెట్టిన?"

"అర్థం చెప్పడం కూడా ఆగమాగంగానే ఉంది," అన్నాడు శ్రీరామ్.

సాన్వి పడీపడీ నవ్వి లాప్‌టాప్‌లో టకటకా కొట్టుకుంది. దమయంతి కూడా నవ్వింది కానీ చివరిదాకా నవ్వలేకపోయింది. ఎందుకంటే ఈ వారమంతా ఆ మాట ఆమెకు వేరే సందర్భంలో తగులుతోంది.

శ్రీరామ్‌ని కంపెనీ వాళ్ళు దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్ ఆఫీస్‌కి రమ్మన్నారు. టీమ్ అంతటికీ లీడ్. వెళ్ళకపోతే ఇక్కడి ఉద్యోగం ఇక్కడే ఉంటుంది, ఏమీ పోదు. సోమవారం లోపల జవాబు చెప్పాలి. "నీ ఇష్టం దమయంతీ," అన్నాడు శ్రీరామ్ మొదటిరోజే. "నువ్వు ఊఁ అంటే వెళదాం, ఊహూఁ అంటే మానేద్దాం. మళ్ళీ నన్ను అనకూడదు." ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఇంకో సంగతి కలిపేవాడు. అక్కడ చుట్టూ కొండలు. ఎండ ఉండదు. చెర్రీలు చెట్టు మీదే కోసుకోవచ్చు. దమయంతి అన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పబోయి తడబడేది. "ఆగమాగం అవకు, నిదానంగా ఆలోచించి చెప్పు," అనేవాడు. దాంతో ఆ నాలుగు ముక్కలు కూడా గొంతులోనే ఉండిపోయేవి.

వద్దనడానికి ఆమెకు కారణం ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో వాళ్ళు బెంటన్‌విల్‌లో ఉన్నారు. శ్రీరామ్ చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆమెకు డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళేంత దూరంలో ఏమీ లేదు. చంకలో పసిపిల్ల సాన్వి, కిటికీ అవతల పార్కింగ్ లాట్. ఏ కారు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఆమెకు నోటికి వచ్చేసింది. ఎట్లున్నవ్ బిడ్డా అని తల్లి ఫోన్‌లో అడిగితే, "ఆగమైన అమ్మా," అని ఒక్క మాట అని ఏడ్చింది. ఆగమాగం కాదు, ఒట్టి ఆగం. ఆ తర్వాత ఫ్రిస్కో వచ్చి, డ్రైవింగ్ నేర్చుకుని, ఒక్కొక్క మనిషినీ పోగేసుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఇదంతా మొగుడికి సోమవారం లోపల, తడబడకుండా ఎలా చెప్పాలో ఆమెకు తెలియడం లేదు.

అదిగో, డోర్‌బెల్ మోగింది.

"వెంకటస్వామి అయ్యుంటాడు," అన్నాడు శ్రీరామ్. వెంకటస్వామి అతని ఆఫీసు స్నేహితుడు. వారమంతా ప్రోగ్రాములు రాసి, శని ఆదివారాల్లో ఇళ్ళు అమ్మిపెడతాడు. "ఊరికే ఇల్లు చూసి ఎంత వస్తుందో చెప్తానన్నాడు. నువ్వేం గాభరా పడకు. ఊరికే."

నిక్కరు మీద ఉన్న శ్రీరామ్ వెళ్ళి తలుపు తీశాడు. గుమ్మంలో టోపీ పెట్టుకున్న ఆరడుగుల మనిషి ఉన్నాడు. అతని వెనక ట్రక్కు, ట్రక్కు వెనక ట్రైలర్, ట్రైలర్‌లోంచి మెడ చాచి వాళ్ళ లాన్ వైపు ఆశగా చూస్తున్న ఆవు.

"మార్నింగ్! దిస్ ఈజ్ డెయిజీ," అన్నాడు ఆ మనిషి.

"వచ్చిందా?" అని వంటింట్లోంచి కేకేసింది దమయంతి. "స్మృతి వాళ్ళదే. జర ఆపమనుండి, దారి నేను చూపిస్త."

స్మృతి దమయంతికి చెల్లెలిలాంటిది. గుంటూరు పిల్ల. వాళ్ళ కొత్త ఇల్లు ఇదే కాలనీలో వెనక వీధిలో కట్టారు. వీధి మరీ కొత్తది కావడంతో ఇంకా ఏ ఫోన్ మ్యాప్‌లోనూ లేదు. ఈరోజే గృహప్రవేశం. "ఆవు బండి ఒక్కటీ మీ అడ్రస్‌కి రమ్మంటానక్కా, అక్కణ్ణించి పంపించండి," అంది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది స్మృతి మొగుడు లక్ష్మీపతి దగ్గర వచ్చింది. ఆవు వాళ్ళకు పంపిన మెసేజ్‌నే తెల్లవారి లేచి వాట్సాప్ గ్రూప్ మొత్తానికి ఫార్వర్డ్ చేసి, 'అందరూ ఈ అడ్రస్‌కే రండి' అని కింద రెండు దండాలు పెట్టాడు.

ఆవు ట్రైలర్ దిగేలోపల వీధి రెండు వైపులా కార్లు ఆగాయి. పట్టుచీరలు, పట్టుపంచెలు, సిల్కు కుర్తాలు, రిబ్బన్ కట్టిన పెట్టెలు. క్యాటరింగ్ కుర్రాళ్ళు అల్యూమినియం ట్రేలతో తిన్నగా వంటింట్లోకి నడిచారు. గుమ్మం ముందు చెప్పులు కుప్పపడ్డాయి. ఒకావిడ పద్మిని కాళ్ళకు దండం పెట్టి, "ఇల్లు చాలా బాగుందండీ, కొత్తదైనా ఎన్నాళ్ళ నుంచో ఉన్నట్టుంది," అంది. పద్మినికి ఏమీ అర్థం కాకపోయినా గుచ్చిన దండ ఆవిడ చేతికిచ్చి, "గుమ్మానికి కట్టమ్మా," అంది.

"ఇది కాదు ఇల్లు!" అని దమయంతి గరిటె ఎత్తి అరిచింది. ఆ సందడిలో గరిటె కనిపించింది కానీ మాట వినిపించలేదు.

అప్పుడు పంతులుగారు కూడా అదే మెసేజ్ పట్టుకుని వచ్చారు. ముహూర్తాలు బాగున్న శనివారం. ఆయన ఇర్వింగ్ నుంచి వస్తున్నారు, ఇక్కణ్ణించి ఇంకా వేరే ఇళ్ళకు వెళ్ళాలి. స్మృతి వాళ్ళను ఫోన్‌లో మాట్లాడటమే తప్ప చూసింది లేదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, చంకలో సంచీ, నడకలోనే సగం మంత్రం అయిపోయేలా ఉన్నారు.

"ముందు గోమాతని లోపలికి రానివ్వండి! యజమాని ఎవరండీ?"

శ్రీరామ్ అబద్ధం చెప్పే మనిషి కాదు. అడిగినదానికి అడిగినంత జవాబు చెప్తాడు. "నేనేనండీ," అన్నాడు.

"నిక్కరేవిటయ్యా! సరే సరే, ఈ కండువా వేసుకో. ఇల్లాలు?"

"అదిగో, గరిటె పట్టుకున్నది," అంది పద్మిని.

పంతులుగారు ఇద్దరి చేతుల్లో చెరో కొబ్బరికాయ పెట్టి, కళ్ళు మూసుకుని, గోత్రం, పేర్లు అడిగారు. శ్రీరామ్ చెప్పేశాడు. చెప్పాక గానీ అతనికి తట్టలేదు. "ఒక్క నిమిషం పంతులుగారూ..."

"ష్!" అంది పద్మిని వెనకనుంచి. "మంత్రం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదురా! అరిష్టం!"

డెయిజీ ముందుకాళ్ళు రెండూ గుమ్మం లోపల పెట్టి, హాల్లో పరిచిన కార్పెట్ వాసన చూసి, పెద్దగా నిట్టూర్చింది. అందరూ అక్షతలు వేశారు. పంతులుగారు ఒక కన్ను తెరిచి ఫ్రిజ్ వైపు చూసి, "కొత్తింట్లో ఫ్రిజ్‌కి ఇన్ని బొమ్మలు ఎప్పుడు అంటించారమ్మా?" అని అడిగి, జవాబు అక్కర్లేనట్టు మళ్ళీ కన్ను మూశారు. సాన్వి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేస్తూ వెక్కిళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

కొబ్బరికాయ చేతిలో ఉండగానే దమయంతి ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అక్కా," స్మృతి ఏడుపు గొంతుతో అంటోంది. "ముహూర్తం దగ్గర పడుతోంది, మా ఇంటికి ఒక్క మనిషి కూడా రాలేదేంటక్కా?"

"అందరు ఈడనే ఉన్నరు స్మృతీ! పంతులు ఈడనే ఉన్నడు, నీ ఆవు మా హాల్ల ఉన్నది! మాకే గృహప్రవేశం చేస్తున్నరు!"

"ఏంటీ?"

"నువ్వు పరేషాన్ గాకు. తోలుకొస్త!"

తోలుకురావడం అంత తేలిక కాలేదు. పద్మిని అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టేసింది. ఇంట్లో ఏ శుభం జరిగినా పాలు పొంగాల్సిందేనని ఆవిడ నమ్మకం. అవి ఎవరి ఇంటి పాలు అనే పట్టింపు లేదు. పాలు బుసబుసా పొంగాయి, పొయ్యి మీద పడి మాడాయి, పొగ లేచింది. "పొంగాయి, పొంగాయి!" అని ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అదే క్షణంలో స్మోక్ అలారం కీచుమని అందుకుంది. ఒకదాన్ని చూసి ఒకటి, మేడ మీదివి కూడా.

డెయిజీ అలాంటి మంత్రం ఎప్పుడూ విని ఉండదు. గిర్రున వెనక్కి తిరిగి, చెప్పుల కుప్ప మీదుగా లాన్‌లోకి, లాన్‌లోంచి పక్కింటి గులాబీల్లోకి పరుగెత్తింది. టోపీ మనిషి దాని వెనక. కండువా ఎగురుతుండగా, ఎవరి పళ్ళెంలోంచో లాక్కున్న అరటిపళ్ళ అత్తంతో శ్రీరామ్ అతని వెనక. కిరాణా సామాను కూడా షెల్ఫుల వరసలో రాసుకుని కొనే మనిషి, ప్రయాణానికి వారం ముందే పెట్టె సర్దేసే మనిషి, నిక్కరులో, వీధి మధ్య నిలబడి గావుకేక పెట్టాడు.

"దమయంతీ! ఇటు రావే! నేను ఆగమాగం అయిపోతున్నానే!"

వీధంతా విన్నది. మెట్ల మీద సాన్వి ఫోన్ కూడా విన్నది.

దమయంతి ఏం చేసిందంటే, ముందు పొయ్యి కట్టేసింది. కుర్చీ ఎక్కి పులిహోర ట్రే మూతతో అలారానికి గాలి విసిరింది. అలారాలు ఊరుకున్నాక ఆ కుర్చీ మీదే నిలబడి, ఇల్లంతా చూసింది. అరుస్తున్నవాళ్ళు, నవ్వుతున్నవాళ్ళు, చెప్పు దొరకనివాళ్ళు. విచిత్రంగా ఆమెకు అప్పుడు ఏ తడబాటూ లేదు. సంతలో పుట్టి పెరిగిన మనిషిలా నిలబడింది.

"అందరు ఇటు సూడుండి!" అంది. "గృహప్రవేశం వెనక వీధిల. ఎవ్వలు కార్లు తియ్యకుండి, నడిచే పోదాం. ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కోండి, దొరకనోళ్ళు ఏవి దొరికితే అవి తొడుక్కోండి, అక్కడ మార్చుకుందురు. ట్రేలు మగవాళ్ళు పట్టుకోండి. పంతులుగారూ, మీరు ముందుండాలె. సాన్వీ, నానమ్మ చెయ్యి పట్టుకో. ఏమండీ! ఆ అరటిపళ్ళు దానికి చూపించుకుంట వెనక్కి నడువుండి, అదే వస్తది!"

నిజంగానే వచ్చింది. ఫ్రిస్కో కాలిబాట మీద ఆ పొద్దున అలా ఊరేగింపు సాగింది. అరటిపండు చూపిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్న శ్రీరామ్, గులాబీ రేకు ఒకటి ముక్కుకు అంటుకున్న డెయిజీ, టోపీ మనిషి, ఆ వెనక పంతులుగారు, మామిడాకులు, పట్టుచీరలు, సాంబారు. కుక్కను తిప్పుతున్న పక్కింటావిడ తన గులాబీల సంగతి ఇంకా తెలియక చెయ్యూపింది.

"వాట్ ఆర్ వీ సెలబ్రేటింగ్?"

"హౌస్‌వార్మింగ్!" అంది దమయంతి.

"హూజ్?"

దమయంతి ఒక్క క్షణం ఆగింది. "అవర్స్ టూ, ఐ థింక్," అని నవ్వి ముందుకు నడిచింది. ఆ గులాబీల గురించి సాయంత్రం మైసూర్‌పాక్ పట్టుకెళ్ళి చెప్పాలని మనసులో అనుకుంది.

స్మృతి కొత్త గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది. లక్ష్మీపతి తప్పు తెలుసుకుని గోడకు అతుక్కుపోయినట్టున్నాడు. దమయంతి వెళ్ళగానే కిటికీలన్నీ బార్లా తెరిపించి, అప్పుడు పాలు పెట్టనిచ్చింది. ఈసారి పాలు పొంగాయి, అలారం మాత్రం మోగలేదు. ముహూర్తం దాటలేదు. డెయిజీ మర్యాదగా గుమ్మం దాటి, బెల్లం తిని, ఫొటోలు దిగింది.

అంతా అయ్యాక స్మృతి వచ్చి దమయంతి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే నేను ఇవాళ ఆగమైపోయేదాన్నక్కా."

గుంటూరు పిల్ల నోట ఆ మాట విని దమయంతికి నవ్వొచ్చింది. ఎక్కడ నేర్చిందో అడగక్కర్లేదు. "ఏం గావు," అంది ఆమె చెంప మీద పసుపు తుడుస్తూ. "ఇంతమంది ఉండంగ ఎట్లయితవ్?" అన్న తర్వాత ఆ మాట తనకే మళ్ళీ వినిపించింది.

పంతులుగారు సంచీ సర్దుకుంటూ శ్రీరామ్ దంపతులను చూసి నవ్వాపుకోలేకపోయారు. "పొరపాటుగా చేసినా సంకల్పం సంకల్పమేనమ్మా. మీ పేర్లతో, మీ గోత్రంతో చెప్పించాను. పాలు కూడా పొంగించారు. మీకూ గృహప్రవేశం అయినట్టే. సుఖంగా ఉండండి."

ఇంటికి వచ్చేసరికి వెంకటస్వామి లాన్‌లో నిలబడి ఉన్నాడు, మెడలో కెమెరాతో, ముఖంలో సందేహంతో.

"సారూ, ఫ్రంట్ ఫొటో ఏ యాంగిల్‌లో తీసినా ఆ పేడ పడుతోంది. క్రాప్ చేసెయ్యమంటారా?"

"చేసెయ్యి," అన్నాడు శ్రీరామ్ నీరసంగా. అతని కండువా మీద డెయిజీ నమిలిన గుర్తు ఉంది.

"తలుపు తీసే ఉంటే చూశాను, లోపల కూడా కార్పెట్ మీద ఏదో గుర్తుంది. పసుపు రంగులో. గిట్ట లాగుంది." వెంకటస్వామి గొంతు తగ్గించాడు. "ఇల్లు మంచి రేటుకే పోద్ది. మరి అమ్మకానికి లిస్ట్ చేసేద్దామా మేడమ్? సార్ మీరే చెప్తారన్నారు."

అందరూ దమయంతి వైపు చూశారు. ఆమె గుమ్మం వైపు చూస్తోంది. ఎవరో పద్మిని గుచ్చిన దండను నిజంగానే గుమ్మానికి కట్టి వెళ్ళారు.

"తినిపోండి అన్నా," అంది.

"లేదు మేడమ్, ఇంకో రెండిళ్ళు చూడాలి. రాత్రికి మెసేజ్ పెట్టండి చాలు." స్మృతి ఇంటినుంచి వచ్చిన పులిహోర డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

మిగిలిన నలుగురూ బల్ల దగ్గర కూలబడ్డారు. పేపర్ ప్లేట్లలో చల్లారిన సాంబారు, గారెలు. తర్వాత పద్మినికి ఏం గుర్తొచ్చిందో, "నిక్కరులో సంకల్పం చెప్పుకున్నవాణ్ణి నా జన్మలో వీణ్ణే చూశాను," అంది. అంతే, నవ్వడం మొదలైతే ఆగలేదు. శ్రీరామ్‌కి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గారె పొలమారింది.

"నా స్పీచ్ ఫినిష్ అయింది. చదవనా?" అని సాన్వి లాప్‌టాప్ తెరిచి గొంతు సవరించుకుంది. "ఆగమాగం. దీని అర్థం, అందరూ ఒకేసారి పరిగెత్తడం. ఎందుకో ఎవరికీ తెలీదు, కానీ ఎవరూ ఆగరు. వాడుక: మా నాన్న నిక్కరు వేసుకుని ఆవు వెనక పరిగెత్తి ఆగమాగం అయ్యారు. ప్రూఫ్‌కి నా దగ్గర వీడియో ఉంది."

"ఒసేయ్, వీడియో వద్దు!"

"నాన్నా, ఆ మాట ఇప్పుడు మీది కూడా. మీరు అరిచారు, స్ట్రీట్ మొత్తం విన్నది."

"సరే, ఒప్పుకున్నాను," అన్నాడు శ్రీరామ్. "గందరగోళం అని అరిస్తే మీ అమ్మ వచ్చేది కాదు."

సాన్వి ఇంకా ఏదో ఆలోచిస్తోంది. "అమ్మా, స్మృతి ఆంటీ ఆగం అన్నారు కదా. ఆగం, ఆగమాగం, రెండూ సేమా?"

"కాదు బిడ్డా," అంది దమయంతి, గారె తుంపుతూ. "ఒక్కదానివే ఉంటే ఆగమైతవ్. ఆగమాగం గావాలంటే మంది ఉండాలె."

"అంటే?"

"అంటే, నువ్వు చిన్నగున్నప్పుడు బెంటన్‌విల్‌ల నువ్వు, నేను, ఒక కిటికీ. అది ఆగం. ఇయ్యాల పొద్దుగాల మనింట్ల అయింది ఆగమాగం."

శ్రీరామ్ నవ్వు ఆపి ఆమె వైపు చూశాడు. అప్పట్లో అతను చీకటి పడ్డాక పార్కింగ్ లాట్‌లో కారు ఆపేసరికి ఆ కిటికీలో లైటు వెలుగుతూ ఉండేది, లైటు ముందు పిల్లను ఎత్తుకుని ఆమె నిలబడి ఉండేది. తన కోసం ఎదురుచూస్తోందని మురిసిపోయేవాడు. ఆమె పొద్దున్నుంచీ అక్కడే నిలబడి ఉందేమోనన్న ఊహ ఇన్నేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా రాలేదు. మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

దమయంతి నీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. ఈసారి ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడలేదు.

"అత్తమ్మా, సాన్వీ, మీరు కూడ వినుండి," అంది మెల్లగా. "మనం రెడ్‌మండ్ పోతలేం. పాలు పొంగించుకున్నం గద, ఈ ఇంట్లనే ఉంటం."